తొక్కకూడని మెట్లు

దేవుడు కొండ మీద కూర్చున్నది మనిషి కాళ్ళకు పని చెప్పడానికేనని చూడామణి నమ్మకం. ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో ఆమెకు తెలియదు. అడిగితే "ఎక్కడో ఉండే ఉంటుంది, లేకపోతే రాయించాలి" అంటుంది. అందుకే, భర్త సన్యాసిరావుకు మోకాలి చిప్ప మార్చిన డాక్టరు గారు "ఇక మెట్లే మందు. రోజూ ఎక్కాలి, దిగాలి. ఇప్పుడు వంగిన మోకాలే వంగినట్టు. అశ్రద్ధ చేశారా, జన్మంతా రోకలిబండలా బిగుసుకుపోతుంది" అన్నప్పుడు ఆమెకు భయం వేసింది గాని ఆశ్చర్యం వేయలేదు. సింహాచలం అప్పన్న ఎప్పటినుంచో చెబుతున్నదే ఈయనా చెప్పాడు. కాకపోతే ఎక్స్‌రే చూసి చెప్పాడు.

చిక్కల్లా మెట్లు దొరకడంలోనే వచ్చింది.

వాళ్ళుండేది విశాఖపట్నంలో శ్రీగిరి హైట్స్ అనే పెద్ద భవనంలో, తొమ్మిదో అంతస్తులో. ఫ్లాట్లు అమ్మేటప్పుడు బిల్డరు "మా భవనంలో మీకు మెట్టన్నదే తగలదు" అని గొప్పగా చెప్పుకున్నాడు. నిజమే. గేటు నుంచి లిఫ్టు దాకా ఏటవాలు దారి, లిఫ్టు నుంచి గుమ్మం దాకా అద్దంలాంటి నేల. చంటిపిల్ల దగ్గర నుంచి గ్యాసు సిలిండరు దాకా అందరూ దొర్లుకుంటూ ఇంటికి చేరవచ్చు. అయితే నిప్పంటుకుంటే దిగడానికి మెట్లుండాలని ప్రభుత్వం వారి నియమం గనక, రెండు వైపులా రెండు మెట్లదారులు కట్టి, వాటికి బరువైన తలుపులు బిగించి, ఎవరి కంటా పడకుండా దాచారు. అందులో ఒకదాన్నిండా వినాయక చవితి పందిరి రాటలూ, పాత కమిటీ వారి విరిగిన కుర్చీలూ ఉన్నాయి. రెండోదాని తలుపు చూడామణి ఒక పొద్దున్న నెట్టి చూసింది. చల్లగా, నిశ్శబ్దంగా, ఒక్క పాదం కూడా పడని మెట్లు కిందికి దిగిపోతూ కనిపించాయి. చేతులు జోడించింది.

"అప్పన్నా! ఈయన కింది నుంచి మన గుమ్మం దాకా ఎవరూ పట్టుకోకుండా ఎక్కి వస్తే మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడతాను" అని మొక్కుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది. కొండ మీద మెట్లపూజ చేసేటప్పుడు బొట్టు పెట్టాక ఎక్కుతామా, ఎక్కాక బొట్టు పెడతామా? పెట్టాకే ఎక్కుతాం. అయితే ఇక్కడా అంతే. మర్నాటి నుంచి తెల్లవారగానే స్నానం చేసి, పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని, రోజుకో వరుస చొప్పున మెట్ల అంచులకు పసుపు రాసి బొట్లు పెట్టసాగింది. వెనకే సన్యాసిరావు చేతికర్ర టకటకలాడిస్తూ నాలుగు మెట్లు దిగి, నాలుగు ఎక్కేవాడు.

"ఏమేవ్, నా మోకాలు వంగేలోగా నీ నడుం విరిగేలా ఉందే."

"నోటికి చెప్పే పని కాలికి చెప్పండి."

"అసలు మొక్కు ముందే తీర్చేస్తే దేవుడికి ఇంక పట్టింపేముంటుందే? పోర్టులో మేం పని పూర్తయ్యాకే బిల్లు పాస్ చేసేవాళ్ళం."

"అందుకేనేమో మీ పోర్టులో ఏ పనీ పూర్తయ్యేది కాదు."

ఇలా తిట్టుకుంటూనే ఆయన రెండంతస్తులు దిగి ఎక్కేదాకా వచ్చాడు. మోకాలు వంగింది. డాక్టరు గారు వీపు తట్టాడు. చూడామణి కూడా కింది మెట్టు దాకా బొట్లు పెట్టేసి, మళ్ళీ పై నుంచి మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది సురక్షిత భవన పురస్కారం.

నగరంలో ఎత్తయిన భవనాల్లో ఏది ఎక్కువ భద్రంగా ఉందో తేల్చి బహుమతి ఇస్తారట. శ్రీగిరి హైట్స్ సంక్షేమ సంఘం అధ్యక్షుడు భానుప్రకాశం గారికి ఆ బహుమతి మీద మనసు పడింది. ఆయన రిటైరైన ఇంజనీరు. ఉద్యోగమంతా కాలువలు తవ్వించాడు. నీళ్ళు వచ్చినా రాకపోయినా కాలువ కాలువేనన్నది ఆయన సిద్ధాంతం. ఆయన కింద భవనం మేనేజరు నిఖిలేశ్. కోటు వేసుకుంటాడు. పంపు పాడైందని చెబితే "నోట్ చేసుకున్నాం మేడమ్" అంటాడు.

పురస్కారం వారి తరఫున తనిఖీ అధికారి వచ్చాడు. చవితి రాటల వైపు తప్ప నిఖిలేశ్ చూపించినదంతా చూసి, చివరికి రెండో వైపు మెట్ల తలుపు తెరిచాడు. ప్రతి మెట్టు అంచునా పసుపు చార, చార మీద ఎర్రటి బొట్లు. నిఖిలేశ్ గబగబా కోటు సర్దుకున్నాడు. "సారీ సర్, ఎవరో పెద్దావిడ..." అనబోయాడు.

"ఎవరిదీ ఆలోచన?" అన్నాడు అధికారి, వంగి వేలితో తాకుతూ. "కరెంటు పోయి పొగ కమ్మినప్పుడు మెట్టు అంచు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనపడాలన్నది మా మొదటి సూత్రం. అందరూ ప్లాస్టిక్ పట్టీ అతికిస్తారు, నెలకే ఊడిపోతుంది. మీరు స్వదేశీ పదార్థంతో, విషరహితంగా, అందులోనూ ద్వివర్ణంలో సాధించారు. అద్భుతం!"

"మా టీమ్ ఇనీషియేటివ్ సర్" అన్నాడు నిఖిలేశ్.

వారం తిరక్కుండా సర్వసభ్య సమావేశం పెట్టారు. భానుప్రకాశం గారు మైకు పట్టుకుని "మన పూర్వీకులు గడపకు పసుపు రాసింది మూఢనమ్మకంతో కాదు, అంచు స్పష్టత కోసం. ఈ శాస్త్రీయ వారసత్వాన్ని ప్రామాణీకరించవలసిన చారిత్రక బాధ్యత మన సంఘం భుజస్కంధాల మీద ఉన్నది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చూడామణి కూడా కొట్టింది. తన పేరు ఎవరూ ఎత్తలేదని ఆమెకు బాధ లేదు. దేవుడి పనికి పేరెందుకు? అయితే పొయ్యి మీద పాలు పెట్టినప్పటిలాగా మనసులో ఏదో కాస్త కంగారుగా ఉంది.

అంచు నిర్వహణ ఉపసంఘం ఏర్పడింది. పసుపు రంగు ఎంత ముదురుగా ఉండాలో, బొట్టుకూ బొట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించారు. చూడామణి మధ్య బొట్టు కాస్త పెద్దదిగా పెడుతుందనీ, ఇది ప్రమాణాల ఉల్లంఘన అనీ తేలింది. ఆమె చేతి గిన్నె పోయి రేకు అచ్చులు వచ్చాయి. పసుపూ కుంకుమా రాలిపోకుండా వాటిలో జిగురు కలిపారు.

"కుంకుమలో జిగురేంటి నాయనా, అపచారం కదూ?" అంది చూడామణి.

"మేడమ్, డ్యూరబిలిటీ" అన్నాడు నిఖిలేశ్.

అపచారమో కాదో ఆమెకే తేలలేదు. నడుం నొప్పి తగ్గింది గనక దేవుడే తప్పించాడేమో అనుకుని ఊరుకుంది. పై ఇళ్ళవాళ్ళూ కింది ఇళ్ళవాళ్ళూ తలుపు తీసి మెట్లను తాకి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. శుక్రవారం నాడు ఎవరో పూలు కూడా పెట్టారు.

ఒకరోజు సన్యాసిరావు మూడో వరుస ఎక్కుతుండగా నిఖిలేశ్ వచ్చి ఎదురు నిలబడ్డాడు.

"అంకుల్, ఏమనుకోవద్దు. మీ పాదం వల్ల సేఫ్టీ డ్యామేజ్ అవుతోంది."

"నా పాదం వల్లా?"

"కెమెరాలో చూశాం. మీరు ఎక్కిన చోటల్లా మార్కింగ్ చెరిగిపోతోంది. కర్ర గుర్తులు వేరే. ఇది లైఫ్ సేఫ్టీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంకుల్, వాకింగ్ ట్రాక్ కాదు."

"మెట్లు నాయనా ఇవి. మెట్లెక్కక చెట్లెక్కమంటావా?"

మర్నాటికల్లా తలుపులకు అయస్కాంతం తాళాలు బిగించారు. కార్డు చూపిస్తే గాని ఊడవు. కార్డు ఒక్కటే, అది అధ్యక్షుల వారి దగ్గర ఉంటుంది. తొమ్మిదో అంతస్తు తలుపు పక్కన సెక్యూరిటీ పైడిరాజును స్టూలేసి కూర్చోబెట్టారు.

"ఏంటి పైడిరాజూ ఇది?" అంది చూడామణి.

"నాకేటి తెలుస్తాదండి అమ్మగోరూ. ఎవుల్నీ ఎక్కనియ్యొద్దన్నారు, దిగనియ్యొద్దన్నారు. ముట్టుకుని దణ్ణం ఎట్టుకుంటానంటే మటుకు తలుపు అద్దంలోంచి ఎట్టుకోమన్నారండి."

ఆమె పన్నెండో అంతస్తుకు, అధ్యక్షుల వారింటికి వెళ్ళింది. ఆయన సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మర్యాదకేం లోటు లేదు.

"అమ్మా, భద్రత అన్నది వాడుకునే వస్తువు కాదు. కాపాడుకునే వస్తువు. మెట్లు ఉన్నది దేనికి? ఆపత్సమయానికి. ఆపత్సమయానికి పనికిరావాలంటే అంచు చెరగకూడదు. అంచు చెరగకూడదంటే ఎవరూ తొక్కకూడదు. ఇందులో తర్కదోషం ఎక్కడుందో మీరే చెప్పండి."

చూడామణి ఆలోచించింది. దోషం ఎక్కడో ఉందని తెలుస్తోంది, చేతికి దొరకడం లేదు.

"మరి నిప్పంటుకుంటే బాబుగారూ?"

"తలుపు తీస్తాం. నా కార్డుతో."

"మీరు ఊళ్ళో లేకపోతే?"

"ఆ అంశం పరిశీలనలో ఉన్నది."

"మా వారి మోకాలు బిగిసిపోతుందండి. డాక్టరు గారు గట్టిగా చెప్పారు."

"వ్యక్తిగత అవయవాలు సంఘం పరిధిలోకి రావమ్మా. అయినా మానవతా దృక్పథంతో ఒక ప్రత్యామ్నాయం చూపిస్తాను. మన క్లబ్బులో మెట్ల యంత్రం ఉంది."

ఆ యంత్రం మీద మెట్లు వాటంతటవే కిందికి జారిపోతుంటాయి. మనిషి ఎక్కుతూనే ఉంటాడు, ఉన్నచోటే ఉంటాడు. సన్యాసిరావు దాని మీద కాలు పెట్టాడు. అది ఆయన కోసం ఆగలేదు. పక్కనున్న కుర్రాడు పట్టుకోకపోతే రెండో మోకాలికి కూడా చిప్ప మార్చవలసి వచ్చేది.

"దీని మీద వైకుంఠం దాకా ఎక్కినా తొమ్మిదో అంతస్తు రాదే" అన్నాడు ఒగరుస్తూ. కొండకు తీసుకెళ్ళి ఎక్కించుదామంటే డాక్టరు గారు అంత ఎత్తు అప్పుడే వద్దన్నాడు. మిగిలిందేముంది? ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కాలు చాపుకుని కూర్చున్నాడు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు గారు మోకాలు వంచి చూసి, వంగినంత మేరా వంచి, మొహం ముడుచుకున్నాడు. "మెట్లు మానేశారా? ఇంకో పదిహేను రోజులు ఇలాగే ఉంటే ఇంక నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం చూడామణి దేవుడి గదిలో చాలాసేపు కూర్చుంది. "నేను బొట్టు పెట్టకపోతే ఆయన హాయిగా ఎక్కుతూ ఉండేవాడు కదా అప్పన్నా. భక్తితో చేసింది ఇలా అడ్డం తిరిగిందేమిటి? తప్పు నా భక్తిదా, వాళ్ళ బుద్ధిదా?" అని అడిగింది. దేవుడు పరిశీలనలో ఉన్నదని కూడా అనలేదు.

ఇంతలో పురస్కారం చివరి ఘట్టానికి వచ్చింది. న్యాయనిర్ణేతలు స్వయంగా వచ్చి, అలారం మోగించి, నివాసులు ఎంత క్రమశిక్షణతో భవనం ఖాళీ చేస్తారో చూస్తారట. సంఘానికి ముచ్చెమటలు పోశాయి. అంతమంది మెట్లు దిగితే అంచులు ఏమైపోవాలి? సరిగ్గా బహుమతి వేళకు బహుమతికి కారణమైన పసుపే లేకుండా పోతుంది. రెండు సమావేశాలు జరిగాక భానుప్రకాశం గారు తీర్మానం చదివాడు. "నివాసులందరూ లిఫ్టుల ద్వారా ప్రశాంతంగా దిగవలెను. అనంతరం న్యాయనిర్ణేతలకు చెక్కుచెదరని మెట్లు దర్శింపజేయబడును."

"నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కొద్దని లిఫ్టు పక్కనే రాసి ఉంది కదండీ?" అన్నారు ఎవరో.

"అది నిజమైన నిప్పుకు. ఇది విన్యాసం" అన్నాడు ఆయన.

ఆ రోజు అందరూ పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని తమ తమ అంతస్తుల్లో లిఫ్టుల ముందు నిలబడ్డారు. మెట్లకు తెల్లవారుజామునే కొత్తగా పసుపు పూశారు, ఇంకా తడి ఆరలేదు. నిఖిలేశ్ కింద న్యాయనిర్ణేతలకు కొబ్బరిబొండాలు ఇస్తున్నాడు. అలారం మోగింది.

అయితే లిఫ్టులకు సంఘం తీర్మానాలు తెలియవు. ఆ భవనానికి పథకం గీసిన ఇంజనీరు ఎవరో గాని బుద్ధిమంతుడు. అలారం మోగితే లిఫ్టులన్నీ కిందికి దిగిపోయి, తలుపులు బార్లా తెరుచుకుని, ఎవరు నొక్కినా కదలకుండా కూర్చునేలా పెట్టాడు. అవి అలాగే కూర్చున్నాయి. అలారం మోగితే మెట్ల తలుపుల తాళాలు వాటంతటవే వదిలేయాలని, అయస్కాంతాలు బిగించిన మనిషి ఎవరినీ అడక్కుండా తీగ కలిపి పోయాడు. అన్ని అంతస్తుల్లోనూ తాళాలు టక్కుమని విడిపోయాయి.

తలుపులు తెరుచుకున్నాయి. పసుపు కుంకుమలతో మెట్లు ధగధగలాడుతున్నాయి. అందరూ చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి, దండం పెట్టుకున్నారు. ఒక్కరూ కదల్లేదు.

"ఎవరూ తొక్కకండి!" పన్నెండో అంతస్తు నుంచి భానుప్రకాశం గారి గొంతు మెట్ల మధ్య నుంచి దిగివచ్చింది. "సంయమనం పాటించండి! లిఫ్టులు వచ్చే సూచనలున్నాయి!"

అలారం మోగుతూనే ఉంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. చూడామణి భర్త వైపు చూసింది. ఆయన చేతికర్ర మీద వాలి, బిగిసిన కాలును కర్రకు తోడుగా రెండో కర్రలా నిలబెట్టుకుని, మెట్లకేసి చూస్తున్నాడు. పథ్యం ఉన్నవాడు పెళ్ళిభోజనం వైపు చూసినట్టు చూస్తున్నాడు. పదిహేను రోజుల్లో ఎన్ని గడిచాయో ఆమెకు గుర్తొచ్చింది.

"పదండి" అంది.

"అయ్యో పిన్నిగారూ! పసుపు కుంకుమ తొక్కుతారా? ఇంకేమన్నా ఉందా!" అంది ఎదురింటి హేమనళిని.

"సింహాచలంలో మెట్టుకు బొట్టు పెట్టి ఏం చేస్తావే?"

"దండం పెట్టుకుంటానండి."

"తర్వాత?"

"తర్వాత పై మెట్టు ఎక్కుతాను."

"ఎగిరా?"

హేమనళిని మొగుడు ఫక్కుమన్నాడు. పైనుంచి మళ్ళీ గొంతు దిగింది. "అమ్మా! అది అప్పన్న కొండ! ఇది అగ్నిప్రమాద నిష్క్రమణ మార్గం! రెండింటికీ పోలిక లేదు!"

"ఉంది బాబుగారూ!" చూడామణి తలెత్తి, అలారం కంటే గట్టిగా అంది. తన గొంతులో అంత బలముందని ఆమెకే తెలియదు. "మెట్టుకు బొట్టు పెట్టేది కాలు వేసే ముందు క్షమించమని అడగడానికి! కాలు వేయకుండా ఇంటికి పోవడానికి కాదు! తొక్కకూడని మెట్టుకు మర్యాదెందుకు, గోడకు పెట్టుకోరాదూ బొట్లు?"

వంగి మెట్టును తాకి, కళ్ళకద్దుకుని, కాలు వేసింది. వెనకే సన్యాసిరావు. మొదటి మెట్టు మీద మోకాలు వంగనంది. కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి దిగాడు. రెండోదీ అంతే. ఎనిమిదో అంతస్తు దగ్గర కాస్త వంగింది. ఆయన వెనక హేమనళిని, ఆమె వెనక మొగుడు, ఆ వెనక పిల్లలు, ఆపైన అన్ని అంతస్తుల నుంచీ జనం. కింద పచ్చిక మీద నిలబడి చూసుకుంటే అందరి అరికాళ్ళూ పెళ్ళికూతురి పాదాల్లా పచ్చగా ఉన్నాయి. అందరికంటే ఆఖర్న భానుప్రకాశం గారు, పసుపు తగలకుండా మడమల మీద, మెట్టుకో నిమిషం చొప్పున ఆపద దాటుకుంటూ దిగివచ్చాడు. నిజంగా నిప్పే అయితే ఆయన్ను గురించి తర్వాత సంతాప తీర్మానం చేయవలసి వచ్చేది.

లిఫ్టులు మళ్ళీ పనిచేయాలంటే కంపెనీ మనిషి వచ్చి సరిచేయాలన్నారు, సాయంత్రమవుతుందన్నారు. జనం చెట్ల కింద చతికిలబడ్డారు. సన్యాసిరావు కాసేపు కూర్చుని లేచాడు.

"కాఫీ వేళయింది. నేను పోతున్నా."

"ఆగండి, తొమ్మిదంతస్తులు..."

"పట్టుకున్నావంటే ఊరుకోను."

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆయన వెనకాలే ఎక్కింది. చేతులు ముందుంటే పట్టుకుంటానేమోనని ఆమె భయం. ఆయన ప్రతి మలుపులోనూ ఆగాడు. నాలుగో అంతస్తులో డాక్టర్ని తిట్టాడు. ఆరులో బిల్డర్ని తిట్టాడు. ఏడు దగ్గర కాలు పైకి లేవక గోడకు చేరబడి, కళ్ళ నీళ్ళతో "మీ అప్పన్నకి ఇంకెక్కడా కొండలే దొరకలేదా" అన్నాడు.

"మన అప్పన్న" అంది చూడామణి వెనక నుంచి.

ఆయన కాలు లేపాడు. మోకాలు వంగింది. పైమెట్టు మీద పాదం ఆనింది. తర్వాత ఇంకొకటి. గుమ్మం ముందుకు చేరాక ఆమె వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి జోడించింది. ఆయన "కాఫీలో పంచదార కాస్త ఎక్కువెయ్యి" అన్నాడు.

పది రోజులకు ఫలితం వచ్చింది. ఆ రోజు జనం దిగగానే వెళ్ళి చూస్తే మెట్ల నిండా, మలుపుల నిండా పచ్చని పాదముద్రలన్నీ కిందికే చూపిస్తుండటం న్యాయనిర్ణేతలకు తెగ నచ్చిందట. "పొగలో సైతం నిష్క్రమణ దిశను బోధించు మానవీయ సూచికలు" అని రాసి మొదటి బహుమతి ఇచ్చారు. భానుప్రకాశం గారు శాలువా కప్పించుకున్నాడు. పాదముద్రల పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. ముద్రలు చెరగకుండా వార్నీషు పూయాలని, అంతవరకు ఎవరూ తొక్కకూడదని తీర్మానించి తలుపులు మళ్ళీ బిగించారు.

మర్నాడు పొద్దున్నే పైడిరాజు తడిగుడ్డా బకెట్టూ పట్టుకుని చూడామణి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగోరూ, రెండు జతల అడుగులు మటుకు పైకెల్తన్నాయంటండి. ఒకదాని పక్కన కర్ర చుక్కలు కూడా ఉన్నాయంట. అయ్యగోరివీ, తమరివీనంట. నిప్పంటుకుంటే జనం అవి సూసి పైకి పరిగెడతారని తుడిసెయ్యమన్నారు."

"తుడిచెయ్యి మరి."

"తలుపు తియ్యనియ్యరండి. మెట్టు తొక్కనియ్యరండి. తొక్కకుండా ఎలాగ తుడవాలో అడిగితే నోట్ సేసుకున్నాం అన్నారండి."

లోపల సన్యాసిరావు చేతికర్ర వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. డాక్టరు గారు ఒక్కరోజు కూడా మానొద్దన్నాడు. చూడామణి చెంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చింది. మెట్ల తలుపు పక్కన గోడకు, అద్దం వెనక, ఎర్రటి అలారం బొత్తాం ఉంది. ఆమె దాని ముందు నిలబడి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"అమ్మగోరూ, అది నిప్పుకండి!" అన్నాడు పైడిరాజు బకెట్టు కింద పెట్టేసి.

"రోజూ దిగడం అలవాటైతే నిజంగా నిప్పు వచ్చిన రోజున ఎవరూ గుమ్మంలో దండాలు పెడుతూ నిలబడరు నాయనా" అంది చూడామణి. "అయినా మెట్లెక్కే ముందు గంట కొట్టడం మనకేమన్నా కొత్తా?"

బొత్తాం నొక్కింది. అన్ని అంతస్తుల్లోనూ తాళాలు టక్కుమన్నాయి.